పంచదార బస్తా కింద పెట్టె

ఆ టీకొట్టుకి సాయంత్రం వచ్చేవాళ్ళలో సగం మంది టీ కోసం రారు. పెట్టెల పెద్దాయన కబుర్ల కోసం వస్తారు. ఆయన ఇంట్లోనే స్పీకరు పెట్టెలు చేస్తాడు. చెక్క కోసేది కాసేపైతే కోతలు కోసేది రోజంతా అని, చెక్క కంటే ఆ కోతలే సాఫీగా తెగుతాయని వీధిలో అనుకుంటారు. ఆ మాట ఆయన దాకా కూడా వెళ్ళింది. నొచ్చుకోలేదు సరికదా, అదీ ఒక మెచ్చుకోలే అనుకున్నాడు.

కొట్టు నడిపేది ఆయన కూతురు. తండ్రి నోరు తెరిచాడంటే ఆమె తల గ్లాసులు కడిగే తొట్టి మీదికి వంగిపోతుంది. నవ్వేవాళ్ళలో కథకి నవ్వేది ఎవరో, మనిషిని చూసి నవ్వేది ఎవరో ఆయనకి తెలియదు. ఆమెకి తెలుసు. కడిగిన గ్లాసే మళ్ళీ కడుగుతూ, ఈ పూటకి ఇక చాలించేలా చెయ్యి దేవుడా అని మొక్కుకుంటుంది. దేవుడికి కూడా ఆ కబుర్లు నచ్చాయో ఏమో, ఎప్పుడూ ఆలకించిన పాపాన పోలేదు.

ఒక రోజు తండ్రి రావడానికి కాస్త ముందు కొత్తాయన ఒకాయన వచ్చాడు. నలిగిన చొక్కా, చేతిలో గొడుగు. చూపులేని పిల్లల బళ్ళో మాస్టారట. "మా పిల్లలు పాఠాలన్నీ వినే నేర్చుకుంటారమ్మా. బళ్ళో ఉన్న స్పీకర్లు ఒకటే గరగర. మాట కంటే గరగరే ఎక్కువ వినిపిస్తుంది. సాయంత్రమయ్యేసరికి పిల్లలు తలలు పట్టుకుంటున్నారు. ఈ వీధిలో ఎవరో పెట్టెలు బాగా చేస్తారని విన్నాను. ఆయన నీకు తెలుసా?" అని అడిగాడు.

ఆ పెట్టెలు కొనే రేడియో కొట్టు మూతపడ్డాక తండ్రిని పని కోసం వెతుక్కుంటూ వచ్చిన మొదటి మనిషి ఆయన. "మా నాన్నేనండీ" అనాల్సింది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇంకాసేపట్లో నాన్న వచ్చి ఏమేం కోస్తాడో గుర్తొచ్చి, అక్కడే ఆగిపోయింది.

"తెలుసండీ. రోజూ ఇక్కడికే వస్తారు. కూర్చోండి," అంది. దారిన పోయే మనిషి గురించి చెప్పినట్టు చెప్పేసింది. చెప్పాక మొహం వేడెక్కింది కానీ, అప్పటికే ఆయన బల్ల మీద కూర్చుని గొడుగు ఒళ్ళో పెట్టుకున్నాడు.

తండ్రి వచ్చాడు. చొక్కా జేబులో పెన్సిలు ముక్క, మోచేతుల దాకా చెక్కపొట్టు. ఎప్పటిలాగే స్టవ్ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన వెనక అరలో ఆయన చేసిన పెట్టె సన్నగా పాట పాడుతోంది. పెట్టె మీద పంచదార బస్తా ఉంది. ఎదురుగా బల్ల మీద టైలరు, లారీ డ్రైవరు, వాళ్ళ పక్కన మాస్టారు.

ఆమె టీ అందిస్తూ, "మీ కోసం..." అని ఏదో చెప్పబోయింది. ఈలోగా లారీ డ్రైవరు కబుర్లకి అగ్గిపుల్ల గీశాడు.

"బాబాయ్, మా లారీలో స్పీకరు గరగరమంటోంది. మార్చెయ్యమంటావా?"

"మారిస్తే ఇంకోటి గరగరమంటుంది. గరగర స్పీకరుది కాదురా, పెట్టెది. అందరూ అక్కడే పప్పులో కాలేస్తారు. పాడాల్సింది స్పీకరు. పెట్టె నోరు మూసుకుని కూర్చోవాలి. పల్చటి చెక్క వేశావనుకో, నేనూ పాడతానంటుంది, కచేరీలో బావమరిది గొంతు కలిపినట్టు. వేలి కణుపుతో కొట్టి చూడు. టక్‌మంటే మంచిది. డబ్‌మని మోగిందా, అక్కడ చెక్క కదులుతోందన్నమాట. ఈ గోడకీ ఆ గోడకీ మధ్య లోపల అడ్డకర్ర బిగించి జిగురు పెట్టు. ఇదిగో, ఈ వెనకున్న పెట్టె కూడా మొదట్లో మోగేది. ఒక్క కర్రముక్క వేశాను, ఊరుకుంది."

మాస్టారు కాస్త ముందుకి జరిగాడు. వెతుక్కుంటూ వచ్చిన మనిషి దొరికాడన్న నమ్మకం ఆయన మొహంలో కనిపించింది. ఇక్కడితో ఆపెయ్ నాన్నా, నీకు దండం పెడతాను అని ఆమె లోలోపలే అనుకుంది. చెప్పింది చక్కటి మాట. ఒక్క చివరి ముక్క తప్ప.

ఆ ముక్క సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. ఆ పెట్టె కొట్టుకి వచ్చిన కొత్తలో పాటలో కింది స్వరం పలికినప్పుడల్లా జర్రుమని మోగేది. అరలో గ్లాసులన్నీ దానికి తాళం వేసేవి. టీ తాగేవాళ్ళు నవ్వేవాళ్ళు. తండ్రి పెట్టె విప్పి లోపల కర్రముక్క బిగించి మళ్ళీ పెట్టాడు. తెల్లారి ఆయన లేవక ముందే ఆమె కొట్టు తెరిచి పాట పెడితే అదే జర్రు. విసుగొచ్చి పక్కనున్న పంచదార బస్తా ఎత్తి దాని మీద పడేసింది. మోత ఆగిపోయింది. అప్పుడే తండ్రి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చెవి ఒగ్గి విన్నాడు. ఆయన మొహం ఎంత వెలిగిందంటే, ఆ మనిషి మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తే రాలేదు. బస్తా సంగతి చెప్పబుద్ధి కాలేదు. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు ఎప్పటికీ రాలేదు. ఆ బస్తాలో పంచదార మాత్రం ఆమె ముట్టుకోదు. టీలోకి డబ్బాలోంచి తీస్తుంది.

"ఒక్క కర్రముక్కతోనేనా అన్నా?" అన్నాడు టైలరు. ఆయన మంచివాడే కానీ, నిప్పు ఆరిపోతుంటే చూస్తూ ఊరుకోలేడు.

"ఒక్కటంటే ఒక్కటే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అంచు దాకా నింపిన టీ గ్లాసు తెచ్చి పెట్టె మీద పెట్టాను. పాట పూర్తి సౌండులో పెట్టాను. టీ మీద మీగడ ముడత పడలేదు. సరే, గ్లాసంటే బరువుంటుంది అనుకుని అగ్గిపుల్లలు తెచ్చి ఒకదాని మీద ఒకటి నిలబెట్టాను. మేడ కట్టానంటే నమ్ము. అంతస్తు మీద అంతస్తు. పైన ఇంకా కట్టేవాణ్ణే, అగ్గిపెట్టెలు అయిపోయాయి."

"నేనప్పుడు ఊళ్ళో లేను కాబోలు," అన్నాడు డ్రైవరు.

"నువ్వెప్పుడున్నావు గనక? ఈ టైలర్నడుగు. కళ్ళు మసకేసి సూదిలో దారం ఎక్కట్లేదని నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. సూది తెచ్చి పెట్టె మీద గుచ్చాను. సూది కదలదు, పెట్టె కదలదు, గాలి కూడా కదలదు. దారం దానంతటదే దూరింది. అవునా కాదా?"

టైలరు మీసం దువ్వుకున్నాడు. "దూరే ఉంటుందిలే అన్నా. నువ్వు చెబుతున్నావుగా," అన్నాడు.

డ్రైవరు కిసుక్కుమన్నాడు. మాస్టారు నవ్వలేదు. గొడుగు పిడిని బొటనవేలితో రుద్దుకుంటున్నాడు. ఆమె తొట్టి వదిలి వచ్చింది. "టీ చల్లారిపోతోంది, తాగండి," అని తండ్రి ముందుకి గ్లాసు తోసింది. కొట్టుకొచ్చే ప్రతి ఒక్కరితో అన్నట్టే అండీ పెట్టి అంది. పెట్టాక, కన్నతండ్రిని మళ్ళీ పరాయివాణ్ణి చేసినట్టే అనిపించింది ఆమెకి. తండ్రి అదేం గమనించలేదు. గ్లాసు తీసుకుని తాగకుండా చేత్తో పట్టుకుని తిప్పుతున్నాడు. అలా తిప్పాడంటే కథ ఇంకా చాలా ఉందని అర్థం.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిచ్చుకొకటి వచ్చి పెట్టె మీద గూడు కట్టింది. గుడ్లు పెట్టింది. పాట మోగుతూనే ఉంది, గుడ్లు పొదుగుతూనే ఉంది. పిల్లలైనాయి, రెక్కలొచ్చాయి. తాము కూర్చున్నది స్పీకరు మీదని ఆ పిచ్చుకలకి చివరి దాకా తెలియదు."

"చెవిటి పిచ్చుకలేమో బాబాయ్."

"నీ చెవులు చూపించుకో ముందు. ఈ పిచ్చుకల సంగతి ఎలా పాకిందో పాకింది, ఆస్పత్రిలో కళ్ళ డాక్టరు చెవిన పడింది. పాపం పక్కన రైలు పోయినప్పుడల్లా ఆయన ఆపరేషన్ బల్ల ఊగుతుందట. కత్తి పట్టుకుంటే భయమట. పేషెంటుని మంచంతో సహా మోయించుకొచ్చి, అయ్యా మీ పెట్టె మీద పడుకోబెట్టి ఆపరేషన్ చేసుకుంటాను, పాట మాత్రం ఆపకండి, పేషెంటుకి ధైర్యంగా ఉంటుంది అన్నాడు. నేను కాదంటానా? కట్టు విప్పగానే పేషెంటు మొదట చూసింది నన్నే. మీరేనా ఆ కర్ర వేసింది అన్నాడు."

కళ్ళ మాట రాగానే ఆమె మాస్టారి వైపు చూడలేకపోయింది. చూపులేని పిల్లల కోసం వచ్చిన మనిషి ముందు ఈ మాటా రావాలి? నాన్నకి తెలియదు, నిజమే. తెలియజెప్పాల్సిన మనిషి తనే. నోరు కుట్టేసుకుని ఇక్కడ నిలబడింది. తల కొట్టేసినట్టయింది ఆమెకి. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆయన పెట్టెలకి పెట్టే జిగురులో చిటికెడైనా కబుర్లకి పెట్టడు.

అప్పుడు మాస్టారు నోరు తెరిచాడు. "ఒక సందేహం అండీ. పెట్టె కదలకపోతే ఆ అదురంతా ఎటు పోయినట్టు?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగాడో, ఎంత దూరం పోతాడో చూద్దామని అడిగాడో ఆమెకి అర్థం కాలేదు. తండ్రికి మాత్రం పండగైపోయింది. స్టూలు జరుపుకుని మాస్టారికి ఎదురుగా కూర్చున్నాడు.

"అలా అడిగారు, బాగుంది. వీళ్ళున్నారే, ఇన్నాళ్ళనుంచీ వింటున్నారు, ఒక్కడూ అడగలేదు. అదురు ఎక్కడికీ పోదండీ. పెట్టెలో చోటు దొరక్కపోతే ఇంకో చోటు వెతుక్కుంటుంది. అరలోంచి గోడలోకి, గోడలోంచి నేలలోకి దిగి పక్కవీధిలో తేలింది. అక్కడ ఒకావిడ గిన్నెలో పాలు పెట్టుకుని పక్కకి తిరిగిందట. తిరిగి చూసేసరికి వెన్న. వాళ్ళాయనకి ఊగే పన్ను ఒకటుండేది, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఊడి ఒళ్ళో పడింది. మర్నాడు ఆ వీధంతా గిన్నెలు పట్టుకుని మా కొట్టు ముందు. అయ్యా, మీ పాట కాస్త పెంచండి అని."

"పళ్ళు పట్టుకుని రాలేదా?" అన్నాడు డ్రైవరు. టైలరు భుజాలు ఊగుతున్నాయి.

"నవ్వండి, నవ్వండి. భూకంపం వచ్చినప్పుడు నవ్వారా ఎవరైనా? ఆ రోజు ఏమైందో తెలుసా? ఇళ్ళు ఊగుతున్నాయి, స్తంభాలు ఊగుతున్నాయి, భూమి మీద కాలు ఆనట్లేదు. కదలంది ఒక్క నా పెట్టె. ఎవడు కేకేశాడో గానీ, పెట్టె ఎక్కండ్రా అన్నాడు. ముసలాళ్ళు, పిల్లలు, మంచాలు, మేకలు, వీధి వీధంతా పెట్టెక్కేసింది."

"పెట్టె చూస్తే ఇంతే ఉంది. వీధంతా ఎలా పట్టింది బాబాయ్?"

"ప్రాణం మీదికొస్తే సర్దుకుంటార్రా. ఒక్క అడ్డకర్ర, అంతమంది ప్రాణాలు."

రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి వింటున్నారు. నవ్వులు ఎక్కువయ్యాయి. ఆ నవ్వులు కూతురి వీపు మీద వేడినీళ్ళలా పడుతున్నాయి. మాస్టారు గ్లాసు కింద పెట్టి గొడుగు చేతిలోకి తీసుకున్నాడు. లేవబోతున్నాడని ఆమెకి తెలిసిపోయింది. తండ్రికి కూడా ఆ సంగతి ఎక్కడో తట్టినట్టుంది. పోయే మనిషిని ఆపాలని ఇంకా పైకి ఎగిరాడు.

"అసలు సంగతి వినకుండా పోతారేంటండీ? చివరికి ఆ పెట్టె ఎంత కదలకుండా తయారైందంటే, భూమి తిరుగుతుంటే అది తిరగనంది. భూమి తన దారిన తను పోతోంది, పెట్టె ఉన్నచోటే ఉంది. పొద్దున్నే చూద్దును కదా, గోడే వచ్చి పెట్టెని గుద్దుకుంటోంది. ఇలా అయితే కొట్టు కొట్టంతా ఊడొస్తుందని నేనే ఆ పంచదార బస్తా దాని మీద పెట్టాను, కాస్త భూమితో పాటు తిరగవే తల్లీ అని. నమ్మరా? ఒరేయ్, లేచి ఆ బస్తా దించరా. ఈయన స్వయంగా చూస్తారు. గోడ పట్టుకుని నిలబడండి అందరూ."

డ్రైవరు నవ్వుతూ లేచి అర దగ్గరికి వచ్చాడు. బస్తా చెవులు రెండూ పట్టుకున్నాడు.

"వద్దు," అంది ఆమె. "తియ్యకు."

"ఏమ్మా? తియ్యనీ," అన్నాడు తండ్రి.

"తియ్యొద్దంటున్నానా? మోగకుండా ఆపేది ఆ బస్తా నాన్నా. నీ కర్రముక్క కాదు. కర్ర వేశాక కూడా మోగింది. నేనే బస్తా పడేశాను. ఊరుకో ఇంక. చచ్చిపోతున్నాను సిగ్గుతో."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని చిన్నప్పుడు ఆ తండ్రే ఆమెకి చెప్పేవాడు. బస్తా అప్పటికే డ్రైవరు చేతుల్లోకి లేచింది. పెట్టె జర్రుమంది. అరలో గ్లాసులన్నీ ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. పాటలో మాట ఏమిటో వినపడలేదు. ఎవరూ నవ్వలేదు. డ్రైవరు బస్తా పట్టుకుని, మళ్ళీ పైన పెట్టాలో కిందికి దించాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

తండ్రి ఆమెని చూశాడు. ఆ తర్వాత పెట్టె దగ్గరికి వెళ్ళి పై చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు.

"పై చెక్క," అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. "కర్ర పక్కలకే వేశాను. పైనుంచి కిందకి వెయ్యలేదు." పాట ఆపి తీగలు పీకాడు. "మొదట్నుంచీనా?" అని అడిగాడు.

ఆమె తల ఊపింది.

ఆయన పెట్టెని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని ఇంటి వైపు నడిచాడు. టీ అలాగే ఉండిపోయింది.

"మీ నాన్నగారని చెప్పలేదేమ్మా?" అన్నాడు మాస్టారు. అందులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "మళ్ళీ వారం వస్తాను," అని ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇన్నాళ్ళూ తండ్రి అబద్ధాలకి ఆమె సిగ్గుపడింది. ఆ అబద్ధాలన్నిటికీ కింద ఉన్న మొదటి అబద్ధం తనదే. ఆయన పాపం ఒక నిజం మీద మేడ కడుతున్నాననుకున్నాడు. దాన్ని నిజమని నమ్మించింది తను, పది మందిలో కాలితో తన్నిందీ తనే. చాటుగా చెప్పడానికి ఇన్ని రోజులుంటే, ఒక్క రోజూ నోరు పెగల్లేదు.

ఇంటికెళ్ళి, "తప్పయిపోయింది నాన్నా," అంది.

"నీదేం తప్పమ్మా? కర్ర తప్పుగా పడింది," అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ ఇంట్లో రంపం చప్పుడు, చిత్రిక చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. అన్నం తినేటప్పుడు కూడా ఆయన కంచంలోకే చూసేవాడు.

కొట్టుకి రావడం మానేశాడు. టైలరు, డ్రైవరు వచ్చి ఖాళీ స్టూలు చూసి టీ తాగి వెళ్ళిపోతున్నారు. టీ తాగడానికి ఎంత తక్కువ సేపు పడుతుందో ఆమెకి అప్పుడే తెలిసింది.

అన్నట్టుగానే మాస్టారు మళ్ళీ వారం వచ్చాడు. ఈసారి ఆయన అడగక ముందే, "మా నాన్న ఇంట్లో ఉన్నారండీ, పిలుచుకొస్తాను," అంది ఆమె. పిలవక్కర్లేకపోయింది. వీధి మలుపులోనే, పెట్టె ఎత్తుకుని తండ్రి వస్తున్నాడు.

అరలో పెట్టి తీగలు తగిలించాడు. పాట పెట్టాడు. కింది స్వరం వచ్చింది, పోయింది. గ్లాసులు ఉలకలేదు, పలకలేదు. పంచదార బస్తా నేల మీదే ఉంది. మాస్టారు లేచి పై చెక్క మీద చెయ్యి పెట్టి చూశాడు. వేలి కణుపుతో కొట్టాడు. టక్‌మంది. "ఒకటి చేసివ్వండి ముందు. మా పిల్లలు విని చెబుతారు, వాళ్ళకి నచ్చితే మిగతావి," అన్నాడు.

"అలాగేనండీ," అన్నాడు తండ్రి. స్టూలు మీద కూర్చున్నాడు.

అందరూ ఎదురుచూశారు. టైలరు గొంతు సవరించుకున్నాడు. "ఏం చేశావన్నా, అంత గట్టిగా కుదిరింది?"

"ఏముంది. ఇంకో కర్ర వేశాను."

"అంతేనా బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"అంతే."

ఆయన గ్లాసు తిప్పడం లేదు. నిండు గ్లాసు పట్టుకుని గుటకలు వేస్తున్నాడు, త్వరగా తాగి లేచి పోదామన్నట్టు. మొదటిసారి ఆ మనిషి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇన్నేళ్ళూ ఆమె మొక్కుకున్నది ఇదే. అయినా ఆమె కడుగుతున్న గ్లాసు తొట్టిలోనే వదిలేసింది.

తొట్టిలోంచి చేతులు తీసి చీరకొంగుకి తుడుచుకుంది. మాస్టారు వింటుండగా, అందరూ వింటుండగా, గట్టిగానే అడిగింది.

"ఆ తర్వాత ఏమైంది నాన్నా?"

"దేని తర్వాతమ్మా?"

"అదే. భూకంపం వచ్చింది కదా. వీధంతా పెట్టెక్కింది కదా. ఆ తర్వాత?"

ఆయన కూతురి మొహంలోకి చూశాడు. ఆమె ఎగతాళి చేస్తోందేమోనని వెతికాడు. ఆమె కళ్ళు దించుకోలేదు. చివరికి ఆయన చేతిలో గ్లాసు మెల్లగా ఒక చుట్టు తిరిగింది.

"వీధంతా ఎక్కలేదమ్మా," అన్నాడు. "సగం వీధే ఎక్కింది."